రాజమండ్రి నుంచి ఝార్సుగుడాకి గంటా పదిహేను నిమిషాలు

చోడవరంలో కోర్టుకెళ్ళే రోడ్డు మీద, స్టాంపు వెండర్లు కూర్చునే రేకుల షెడ్డుకి ఎదురుగా సంధ్యారాణి కొట్టు ఉంది. ఎనిమిదడుగుల గది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మెషిను, కార్డులకి ప్లాస్టిక్ అంటించే పెట్టె ఒకటి. బోర్డు మీద ఇంగ్లీషులో ఏదో పేరుంది గానీ జనం దాన్ని రాణమ్మ కొట్టు అనే అంటారు. రోలుగుంట నుంచీ వడ్డాది నుంచీ వచ్చిన వాళ్ళు ఆటో దిగి ముందు ఆ గుమ్మమే తొక్కుతారు. అడంగల్ కాపీ తీయాలన్నా, పింఛనుకి వేలిముద్ర పడకపోయినా, ఆధార్‌లో తండ్రి పేరు తప్పు పడినా ఆవిడే దిక్కు. "రాణమ్మ సూసిందంటే మరి తిరిగి సూసుకోనక్కర్లేదు" అని కోర్టు గుమాస్తాలు కూడా అనేవారు. ఆ మాట వింటే సంధ్యారాణికి లోపల్లోపల సంతోషంగా ఉండేది. ముప్పై ఆరేళ్ళ వయసులో ఆమె సంపాదించుకున్నదల్లా ఆ పేరొక్కటే.

ఆ పేరు వెనక ఇద్దరు మనుషులున్నారు. ఒకరు ఆమె అప్ప అచ్చియ్యమ్మ. రావికమతం పక్క పల్లెలో వాళ్ళది ఎకరం చెరుకు, అరెకరం వరి ఉన్న ఇల్లు. తల్లి పోయేనాటికి సంధ్యారాణికి ఆరేళ్ళు, అచ్చియ్యమ్మకి పదిహేను. ఆ మర్నాటి నుంచి అచ్చియ్యమ్మ బడికి వెళ్ళలేదు. చెరుకు కొట్టే రోజుల్లో కూలికెళ్ళి మోపులు కట్టేది. ఆకు అంచులకి చేతులు గీరుకుపోయి మండుతుంటే, ఆ చేతులతోనే చెల్లెలికి జడలు వేసి బడికి తోలేది. ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మనిషి సంధ్యారాణి ఒక్కతే. ఆ చదువు అచ్చియ్యమ్మ మానేసిన చదువు అని ఇద్దరికీ తెలుసు. ఎప్పుడూ ఆ మాట అనుకోలేదు.

రెండో మనిషి బావ సత్యారావు. వెల్డరు. పెళ్ళయిన ఏడాదికే, మరదలు కంప్యూటర్ నేర్చుకుంటానందని గాజువాకలో పాత కంప్యూటరొకటి కొన్నాడు. దాన్ని దుప్పట్లో చుట్టి, బస్సులో చోటు లేకపోయినా ఒళ్ళో పెట్టుకుని చోడవరం దాకా మోసుకొచ్చాడు. "పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చేను. పగలగొట్టకు మరదలా" అన్నాడు దింపుతూ. ఆయన పని ఎక్కడ కాంట్రాక్టు పడితే అక్కడ. అంగుల్, జాజ్‌పూర్, ఆ తర్వాత ఒడిశాలోనే పైనున్న ఝార్సుగుడా. అక్కడొక ఫ్యాక్టరీలో పెద్ద పెద్ద గొట్టాలు అతికే పనిలో రెండేళ్ళుగా ఉన్నాడు. ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. ఒక్కగానొక్క కూతురు ప్రవల్లిక ఇంటర్ రెండో ఏడు. చోడవరంలో కాలేజీ గనక పిన్ని దగ్గరే ఉండి చదువుకునేది.

కిందటి కార్తీకమాసంలో ఒక బుధవారం, పొద్దున ఆరున్నరకి సంధ్యారాణి ఫోను మోగింది. సత్యారావుతో పాటు అక్కడే పనిచేసే గణపతిరావు. రోలుగుంట మనిషి.

"రాణమ్మా, మీ అప్ప ఫోనెత్తడం నేదు. సత్యారావు పడిపోనాడమ్మా."

"ఎక్కడ? ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం. పైన వెల్డింగు సేస్తన్నాడు. బెల్టు పెట్టుకున్నాడు. కొక్కెం తగిలించనేదో, తగిలించింది ఊడిపోనాదో తెలీదు. నలభై అడుగులు. రాత్రి ఆపరేషన్ సేసేరు. తెలివిగానే ఉన్నాడు, మాటాడతన్నాడు. అచ్చియ్యమ్మ ఒచ్చీసిందా అని అడుగుతన్నాడు. కానీ డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఇంటోళ్ళని బేగి రప్పించమన్నాడు."

సంధ్యారాణి పక్కింటి వాళ్ళకి ఫోను చేసి అప్పని పిలిపించింది. అచ్చియ్యమ్మ పశువుల దగ్గర్నుంచి వచ్చి మాట్లాడింది. ఏడవలేదు. "సరే, బయల్దేరతన్నాను" అని పెట్టేసింది. ఎనిమిది కాకుండానే చోడవరంలో ఆటో దిగింది. చేతిలో రెక్సిన్ సంచి, అందులో రెండు చీరలు, ఆయన కోసం ఒక లుంగీ, తువ్వాలు. మొహం కడుక్కుంది, తల దువ్వుకుంది. ఎక్కడికో పనికి పోతున్న మనిషిలా ఉంది.

"గుంటని తయారవమను" అంది కూతురి గురించి. "బొకారో బండి పదింటికి అనకాపల్లిలో ఉంటాది. మొన్న ఎండాకాలం దాన్లోనే ఎల్లేను గదా. ఎక్కి కూకుంటే అర్ధరాత్రికి ఝార్సుగుడాలో దింపేస్తాది."

అప్పటికి గంటసేపటి నుంచీ సంధ్యారాణి కంప్యూటర్ ముందే ఉంది. పద్నాలుగు గంటలు జనరల్ పెట్టెలో అప్పని కూర్చోబెట్టడం ఆమెకి మనసొప్పలేదు. డాక్టరు బేగి రమ్మన్నాడు. బేగి వెళ్ళే దారి ఒకటుందని ఆమెకి తెలుసు గానీ, ఆ దారిని ఎప్పుడూ తొక్కలేదు. రైలు టికెట్లు వందలు తీసింది. చోడవరంలో విమానమెక్కే నలుగురూ విశాఖపట్నంలో ఏజెంట్ల దగ్గర తీయించుకుంటారు, ఆమె కొట్టుకి రారు. విశాఖ నుంచి ఝార్సుగుడాకి చూస్తే రెండుచోట్ల మారాలని, మర్నాడు మధ్యాహ్నానికి చేరతారని వచ్చింది. దానికన్నా రైలే నయం. అప్పుడామె రాజమండ్రి నుంచి కొట్టి చూసింది.

ఒక పేజీ తెరుచుకుంది. మేప్ మీద రెండు చుక్కలు, వాటిని కలుపుతూ వంపు తిరిగిన గీత, గీత మీద చిన్న విమానం బొమ్మ. ఒక చుక్క రాజమండ్రి, రెండోది ఝార్సుగుడా. కింద పెద్ద అక్షరాలతో దూరం అయిదువందల ఎనభై కిలోమీటర్లు, ప్రయాణ సమయం గంటా పదిహేను నిమిషాలు అని ఇంగ్లీషులో ఉంది. టికెట్లు చూడమని పసుపు రంగు బటన్. దాన్ని నొక్కితే చక్రం తిరుగుతూ ఉండిపోయింది.

సంధ్యారాణికి ప్రాణం లేచొచ్చింది. కారులో రాజమండ్రి నాలుగు గంటలు, అక్కణ్ణుంచి గంటంపావు. సాయంత్రం నాలుగైదు గంటలకి అప్ప బావ పక్కనుంటుంది. ఇన్నేళ్ళుగా తీసుకోవడమే గానీ ఇవ్వడం ఎరగని తనకి, ఇవ్వడానికి ఒకటి దొరికినట్టనిపించింది.

వెనకనుంచి ప్రవల్లిక తెర వైపు చూసింది. ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "పిన్నీ, ఎన్నింటికో టైమింగ్సేవీ రాట్లేదు కదా."

"నెట్టు సరిగ్గా లేదే. అక్కడికెళ్తే కౌంటరుంటుంది, తీసుకుందాం."

అచ్చియ్యమ్మ సంచి భుజానికి తగిలించుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. "రాణీ, నాకు రైలు తెలుసే. ఇమానం తెలీదు" అంది.

"నాకు తెలుసు కదప్పా."

ఆ మాట చాలు అచ్చియ్యమ్మకి. సంచి దింపింది.

సంధ్యారాణి మొగుడు శివాజీ వడ్డాది రూట్లో ఆటో తోలతాడు. స్నేహితుడి కారడిగి తెచ్చాడు. నర్సీపట్నం రోడ్డు గోతులని, అనకాపల్లి మీదుగా హైవే ఎక్కుదామన్నాడు. నలుగురూ బయల్దేరారు. అనకాపల్లి ఊరి మొగలో లారీలు అడ్డంపడి కారు ఆగింది. స్టేషను అక్కడికి అయిదు నిమిషాల దారి. టైము తొమ్మిదీ నలభై.

అచ్చియ్యమ్మ అద్దంలోంచి స్టేషను వైపు చూస్తూ ఉంది. "ఓలమ్మీ, బండింకా రానేదు. నన్నిక్కడ దింపీయండి. నేను రైల్లో ఎల్లిపోతాను, మీరు ఇమానంలో రండి."

"రైలు అర్ధరాత్రికప్పా. మనం సాయంత్రానికే ఉంటాం."

"నాకెందుకో దిగిపోవాలనుంది."

శివాజీ ముందు అద్దంలోంచి పెళ్ళాం వైపు చూశాడు. తర్వాత అచ్చియ్యమ్మతో అన్నాడు. "వొదినా, రాణి సూసి సెప్పిందంటే తేడా రాదు. భయపడకు."

లారీలు కదిలాయి. సంధ్యారాణి "పోనీ" అంది. కారు హైవే ఎక్కింది. రైల్వే లైను రోడ్డుకి ఎడమ పక్క కొంతదూరం కనిపించి, తర్వాత తోటల వెనక్కి పోయింది.

తుని దాటేక గణపతిరావు ఫోను చేశాడు. సత్యారావు మాట్లాడతానంటున్నాడన్నాడు. సంధ్యారాణి ఫోను అప్ప చెవికి ఆనించింది. ఆయన గొంతు ఎక్కడో దూరం నుంచి, గాలి పీల్చుకోడానికి మధ్యమధ్య ఆగుతూ వచ్చింది.

"ఎక్కడున్నావు?"

"తునిలో ఉన్నాం. రాజమండ్రి ఎల్తన్నాం."

"రాజమండ్రా. ఎందుకు?"

"ఇమానంలో ఒస్తన్నాం. గంటేనట. రాణి సూసింది."

ఆయన చిన్నగా నవ్వాడు. నవ్వితే నొప్పి పుట్టినట్టుంది, ఆపేశాడు. "ఇమానంలోనే. మారాణివే మరి. సాయంత్రానికి ఒచ్చేత్తారన్నమాట."

"ఒచ్చేత్తాం. నువ్వు మాటాడకు. పడుకో."

అచ్చియ్యమ్మ ఫోను తిరిగిచ్చి చీరకొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పొద్దుట్నుంచీ ఆమె మొహంలో మొదటిసారి కాస్త తెరిపి కనిపించింది. సంధ్యారాణి ఆ మొహం చూసి, చేసింది మంచి పనే అనుకుంది.

రాజమండ్రి విమానాశ్రయం ఊరికి దూరంగా మధురపూడిలో ఉంది. ఒంటిగంట దాటేక చేరారు. ఎర్రటి ఎండ. లోపలికెళ్ళే తలుపు దగ్గర తుపాకి పట్టుకున్న జవాను టికెట్ చూపించమన్నాడు. టికెట్ లోపల కొంటామని సంధ్యారాణి వచ్చీరాని హిందీలో చెప్పింది. అతను పక్కనున్న కిటికీ చూపించాడు. అచ్చియ్యమ్మనీ ప్రవల్లికనీ అరుగు మీద నీడలో కూర్చోబెట్టి సంధ్యారాణి అటు నడిచింది.

కిటికీ వెనక కూర్చున్న అమ్మాయికి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. "ఝార్సుగుడాకి ముగ్గురికి. తర్వాతి విమానం ఎన్నింటికమ్మా?" అని అడిగింది సంధ్యారాణి.

"ఎక్కడికండీ?"

మళ్ళీ చెప్పింది. ఆ అమ్మాయి కీబోర్డు మీద ఏవో కొట్టి, తల అడ్డంగా ఊపింది. "ఇక్కణ్ణుంచి ఝార్సుగుడాకి ఫ్లైట్ లేదండీ."

"ఇవాళ లేదా?"

"ఎప్పుడూ లేదండీ. హైదరాబాద్ వెళ్ళి మారాలి. ఇవాళ్టికి కనెక్షన్ దొరకదు. రేపు మధ్యాహ్నం దాటుతుంది."

సంధ్యారాణి ఫోను తీసి పొద్దుటి పేజీ తెరిచింది. చుక్కలూ, గీతా, బొమ్మా అన్నీ అలాగే ఉన్నాయి. "ఇదిగో, ఇందులో ఉంది కదా. గంటా పదిహేను నిమిషాలని."

ఆ అమ్మాయి వంగి చూసింది. మొహంలో జాలి కనిపించింది. "ఇది ఊరికే దూరం లెక్కండీ. ఈ రెండు ఎయిర్‌పోర్టులకీ మధ్య తిన్నగా గీత గీస్తే ఎంత దూరం, ఆ దూరం విమానం ఎగిరితే ఎంత టైము, అంతవరకే. ఏ రెండు ఊళ్ళు కొట్టినా చూపిస్తుంది. విమానం తిరుగుతుందని కాదు." వేలితో పేజీని పైకి జరిపింది. ఎక్కడో అట్టడుగున, ప్రకటనల కింద, సన్నటి బూడిదరంగు అక్షరాల్లో రెండు లైన్లున్నాయి. ఈ మార్గంలో నేరుగా నడిచే విమానాలు లేవని, పైన చెప్పినది అంచనా మాత్రమేనని.

సంధ్యారాణి ఆ రెండు లైన్లూ మూడుసార్లు చదివింది. రోజూ పాతిక మంది కాగితాలు చదివి పెట్టే మనిషి. కిటికీ చట్టం పట్టుకుంది. వెనక్కి తిరిగి చూస్తే అరుగు మీద అచ్చియ్యమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని ఆకాశం వైపు చూస్తోంది. అప్పుడే ఒక విమానం చప్పుడు చేసుకుంటూ పైకి లేచింది.

సంధ్యారాణి దగ్గరికి రాగానే అచ్చియ్యమ్మ అడిగింది. "అలాటిదేనా మనం ఎక్కేది?"

"అప్పా, ఇక్కణ్ణుంచి విమానం లేదు."

అచ్చియ్యమ్మకి అర్థం కాలేదు. "మరి గంటన్నావు."

"ఉంటే గంట. లేదప్పా."

"నేకపోతే గంటని ఎందుకు రాస్తారు?"

ప్రవల్లిక పిన్ని చేతిలోంచి ఫోను లాక్కుని చూసింది. చూసి తిరిగిచ్చేసింది. శివాజీ కారు దగ్గర్నుంచి వచ్చాడు, సంగతి విన్నాడు. బొకారో బండి ఆపాటికి కొండలెక్కి ఒడిశాలోకి పోతూ ఉంటుంది. మళ్ళీ రైలంటే మర్నాడే. చివరికి శివాజీయే అన్నాడు, కారు మీదే పోదామని. వచ్చిన దారంతా వెనక్కెళ్ళి, విజయనగరం మీంచి, రాయగడ మీంచి, సంబల్‌పూర్ మీంచి. ఎంతసేపని ఎవరూ అడగలేదు.

ఈ సంగతి గణపతిరావుకి వెంటనే చెప్పి ఉండాల్సింది. సంధ్యారాణి మూడుసార్లు ఫోను తీసి మూడుసార్లూ దాచేసింది. ఏమని చెప్పాలో తెలియలేదు. ఆఖరికి నాలుగున్నరకి ధైర్యం చేసింది. అవతల గణపతిరావు వెనక కార్ల హారన్లు వినిపించాయి.

"నేను ఎయిర్‌పోర్టుకాడే ఉన్నానమ్మా. మూడింటినుంచి. మీరు ఏ ఇమానంలో దిగుతారో ఈడ ఎవలికీ తెలీదంటన్నారు."

ఆమె చెప్పింది. "పొద్దున్న రైలెక్కనేదా అమ్మా?" అని మాత్రం అడిగాడు గణపతిరావు.

"లేదు."

"సరే. కారులో జాగ్రత్తగా రండి. నేనతనికి సెప్తాను."

ఆ రాత్రి దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అనకాపల్లి ఊరి మొగలో, కారిచ్చిన శివాజీ స్నేహితుడు కూడా ఎక్కాడు, ఇద్దరూ వంతులు వేసుకుని తోలారు. ఘాట్ రోడ్డులో మంచు. అచ్చియ్యమ్మ నిద్రపోలేదు. ఎక్కడైనా బల్బు వెలిగే స్టేషను కనిపిస్తే ఊరి పేరు అడిగేది, అంతే. పన్నెండు దాటినప్పుడు "బండి ఈపాటికి సేరిపోయుంటాది" అంది. ఎవరితోనూ అన్నట్టు కాదు.

తెల్లవారి ఆరున్నరకి, బలంగీర్ దాటేక ఒక టీ బడ్డీ దగ్గర ఆగారు. సంధ్యారాణి మొహం కడుక్కుంటుంటే ఫోను వచ్చింది. గణపతిరావు ఎక్కువ చెప్పలేదు. అయిదుంబావుకి పోయాడన్నాడు. రెండింటి దాకా మాట్లాడుతూనే ఉన్నాడట. ఆ తర్వాత మాట రాలేదట.

ఆమె ఫోను చంకన పెట్టుకుని కుళాయి కింద చేతులు అలాగే ఉంచింది. చన్నీళ్ళు మణికట్ల మీంచి కారిపోతూ ఉన్నాయి. కారులోంచి అచ్చియ్యమ్మ ఇటే చూస్తోంది. ఇక్కడ, ఊరు కాని ఊళ్ళో, రోడ్డు పక్కన చెప్పడం ఎలా? చెప్పకుండా ఇంకో నాలుగు గంటలు పక్కన కూర్చోడం ఎలా? ఆమె టీ గ్లాసు పట్టుకెళ్ళి అప్పకి ఇచ్చింది.

"గణపతిరావా?"

"ఆఁ."

"ఏటన్నాడు?"

"నిద్రపోతన్నాడట."

అచ్చియ్యమ్మ చెల్లెలి మొహంలోకి చూసింది. టీ గ్లాసు పుచ్చుకుంది గానీ తాగలేదు. చల్లారిపోయాక కిటికీలోంచి రోడ్డు మీద పారబోసి, గ్లాసు బడ్డీవాడికి ఇమ్మని ప్రవల్లికకి అందించింది. ఆ తర్వాత దారి పొడుగునా ఎంతవరకూ వచ్చేమని అడగలేదు. తెలిసిపోయింది. చెల్లెలు చెప్పకపోవడమూ తెలిసింది. ఆ నాలుగు గంటలూ సంధ్యారాణి తన జీవితంలో మరెప్పుడూ కూర్చోనట్టు కూర్చుంది. అప్ప భుజం తన భుజానికి ఆని ఉంది. కారు గోతిలో పడ్డప్పుడల్లా ఒరుసుకునేది. ఒక్కసారి కూడా అచ్చియ్యమ్మ తన చేతిని పట్టుకోలేదు.

పదకొండు కావస్తుంటే ఆసుపత్రి చేరారు. గణపతిరావు గేటు దగ్గరే ఉన్నాడు. లోపల బల్ల మీద సత్యారావు తల దాకా కప్పిన గుడ్డ కింద ఉన్నాడు. ప్రవల్లిక గుమ్మంలోనే కూలబడిపోయింది. అచ్చియ్యమ్మ దగ్గరికి వెళ్ళి గుడ్డ తీసి మొహం చూసింది. రెక్సిన్ సంచి తెరిచి, తువ్వాలు తీసి, ఆయన గడ్డం మీద ఎండిపోయిన మరక తుడిచింది. అప్పుడేడ్చింది. పల్లెలో ఏడ్చినట్టు రాగం తీసి కాదు, పళ్ళు బిగపట్టి.

బయట వరండాలో సంధ్యారాణి గణపతిరావుని అడిగింది. అడక్కుండా ఉండలేకపోయింది. "బావ ఆఖర్న ఏమన్నాడు బాబూ?"

గణపతిరావు చెప్పడానికి ఇష్టపడలేదు. ఆమె మళ్ళీ అడిగింది.

"నిన్న పగలంతా బాగానే ఉన్నాడమ్మా. మావోళ్ళు ఇమానంలో ఒస్తన్నారని నర్సులకి సెప్పేడు. సాయంత్రం నేనొచ్చి కారులో ఒస్తన్నారని సెప్పేక, రైలైతే ఎన్నింటికొచ్చునని అడిగేడు. పన్నెండుకి అన్నాను. అంతే. మళ్ళీ అడగనేదు. పన్నెండు దాటేక ఓసారి తలుపువైపు సూసేడు."

సత్యారావుని ఊరికి తెచ్చారు. పల్లె పొలిమేరలో, కొండ వాగు ఒడ్డున దహనం జరిగింది. పదకొండో రోజు దాకా సంధ్యారాణి అక్కడే ఉండి వంట చేసింది, అంట్లు తోమింది. వచ్చిన ప్రతి మనిషీ ఎలా జరిగిందని అడిగేవారు. అచ్చియ్యమ్మ ఆయన పడిన సంగతి చెప్పేది. దారి సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా "ఆఖరి సూపు దొరకనేదా తల్లీ" అంటే "నేదు" అని ఊరుకునేది. పక్క గదిలో సంధ్యారాణి ఆ మాటలన్నీ వినేది.

కర్మ అయ్యాక కాగితాల పని పడింది. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, ఫ్యాక్టరీకి పంపే అర్జీ. సంధ్యారాణి కొట్టులో ఒక ఫైలు తయారుచేసి, పైన బావ పేరు రాసి ఎదురుచూసింది. వారం గడిచినా అచ్చియ్యమ్మ రాలేదు. ఒక సాయంత్రం వడ్డాది నుంచి వచ్చిన శివాజీ చెప్పాడు. "వొదిన అక్కడి మీసేవ సెంటర్లో కాగితాలట్టుకుని కూకుంది. మన కొట్టుకి రావొచ్చు గదా అంటే, దగ్గరని ఒచ్చేను అంది." రావికమతానికి వడ్డాది దగ్గరేమీ కాదు.

ఆ రాత్రే సంధ్యారాణి ప్రవల్లికని అడిగింది. అమ్మకి తన మీద కోపమా అని. ప్రవల్లిక పుస్తకం మూసింది. ఆ నెల రోజుల్లోనే పిల్ల పెద్దదైపోయినట్టుంది.

"కోపమేం లేదు పిన్నీ. ఆ రోజు నువ్వు ఇంట్లో లేకపోయుంటే బాగుణ్ణు అనుకుంటుంది, అంతే. నేనూ అనుకుంటాను."

పిల్ల గొంతులో తిట్టేమీ లేదు. అందుకే ఆ మాట లోపలికి దిగిపోయింది. పరీక్షలయ్యాక ప్రవల్లిక అనకాపల్లిలో నర్సింగులో చేరి హాస్టలుకి వెళ్ళిపోయింది.

కొట్టు నడుస్తూనే ఉంది. జనం వస్తూనే ఉన్నారు. ఆమె తప్పు చేసిందని ఊళ్ళో ఎవరికీ తెలియదు. కానీ సంధ్యారాణి చేతి వేగం పోయింది. ఒక అర్జీని నాలుగుసార్లు చదువుతుంది. ముసలివాళ్ళు "ఇంకెంతసేపు రాణమ్మా" అంటే ఉలిక్కిపడుతుంది. టికెట్ల పని మానేసింది.

శ్రావణంలో ఒక ఆదివారం ఆమె పల్లెకి వెళ్ళింది. అచ్చియ్యమ్మ పొలం గట్టున పశువులకి గడ్డి కోస్తోంది. సంధ్యారాణి కూడా కొడవలి అందుకుని పక్కన కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ కోశారు.

"అప్పా, నన్నొక్క మాట తిట్టు."

అచ్చియ్యమ్మ చెయ్యి ఆగలేదు. "తిడితే ఏటౌతాది?"

"ఏమీ అవదు. తిట్టు."

"నువ్వు మంచికే సేసేవు. అది నాకు తెలుసు. నన్ను లాక్కెల్లనేదు, నేనే కూకున్నాను కారులో. అనకాపల్లిలో తలుపు తీసుకుని దిగిపోతే నువ్వు ఆపుతావేటి?" కోసిన గడ్డి పక్కన పెట్టింది. "కోపం ఉంటే కోపం పోతాది. నాకు కోపం నేదే. ఇదివరకు నువ్వేటి సెప్పినా నా సెవికి నిజం లాగ ఇనబడేది. ఇప్పుడు ఇనబడదు. ఏం సెయ్యమంటావు? అది నా సేతిలో నేదు."

పొద్దు కొండ వెనక్కి దిగుతోంది. అచ్చియ్యమ్మ లేచి, గడ్డిని తాడు మీద పేర్చి, మోకాలు ఆనించి బిగించి కట్టింది. మోపు బరువుగా ఉంది. ఒంటరిగా తలకెత్తుకోవడం కుదరదు. సంధ్యారాణి వంగి రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి లేపారు. అచ్చియ్యమ్మ తల మీద సర్దుకుని, మెడ నిటారుగా పెట్టి, గట్టు మీద ముందు నడిచింది. సంధ్యారాణి రెండు కొడవళ్ళూ చేతిలో పట్టుకుని వెనక నడిచింది.